'కౌంట్' అంటే ఎంత? చెరువు, మగ్గం, ల్యాబు, కోడు, గ్రౌండు లెక్కలు ఇక్కడ రాయండి

విడవలూరు_వల:
మన నెల్లూరు జిల్లాలో 'కౌంట్' అనే మాట వినని రోజుండదు. చెరువు గట్టున 'వంద కౌంట్ వచ్చింది' అంటారు. వెంకటగిరి నేతగాళ్ళు 'వంద కౌంట్ నూలు' అంటారు. జ్వరమొస్తే 'కౌంట్ పడిపోయింది' అంటారు. శ్రీహరికోట షార్‌లో రాకెట్ కౌంట్‌డౌన్, బాక్సింగులో పది కౌంట్, ఎక్సెల్‌లో కౌంట్ ఫార్ములా. అన్నింట్లో మాట ఒకటే, లెక్క కట్టే తీరు మాత్రం ఒకదానిది ఒకదానికి పొసగదు. ఎవరి రంగంలో కౌంట్ ఎట్టా తీస్తారో, ఎక్కడ తప్పు పోతుందో కొలతలతో సహా రాస్తే పిల్లలకీ రైతులకీ పనికొస్తుంది.

ముందు రొయ్యది నేను చెప్తా. చెరువు దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయి అని, తలతో సహా. 100 కౌంట్ అంటే రొయ్య 10 గ్రాములు. 50 అంటే 20 గ్రాములు. 40 అంటే 25. 30 అంటే 33 గ్రాముల పైన. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. 1000ని కౌంట్‌తో భాగిస్తే సగటు బరువు, 1000ని సగటు బరువుతో భాగిస్తే కౌంట్.

సింగరాయకొండ_రొయ్య:
విడవలూరు అన్నా, దానికి ఒకటి కలపాలి. చెరువు కౌంట్ వేరు, ప్యాకింగ్ కౌంట్ వేరు. ఎగుమతి డబ్బా మీద 16/20, 21/25, 26/30, 31/40 అని ఉండేది పౌండుకి లెక్క, అంటే 453.6 గ్రాములకి. అదీ ఎక్కువ సరుకులో తల తీసిన తర్వాత. వనామీ రకం రొయ్యకి తల తీస్తే మిగిలేది బరువులో మూడింట రెండొంతులకి దగ్గర, 65 శాతం అనుకోండి. 40 కౌంట్ రొయ్య 25 గ్రాములు, తల పోతే 16 గ్రాముల చిల్లర, పౌండుకి 28 వస్తాయి. అంటే మన 40 కౌంట్ ప్లాంట్‌లో 26/30 డబ్బాలోకి పోతుంది. ఈ రెండు లెక్కలూ తెలియకుండా ఎగుమతి రేట్ల పట్టిక చూసి చెరువు రేటుతో పోల్చుకుంటే ఊరికే మనసు పాడవుద్ది. రెండూ ఒకే సరుకు లెక్కలు కావు.

విడవలూరు_వల:
బాగా చెప్పావు తమ్ముడూ. ఇంక శాంపిల్ పద్ధతి రాస్తా, గొడవలన్నీ అక్కడే.

విసురు వల నాలుగైదు చోట్ల వేయాలి: గట్టు పక్కన, నడి చెరువులో, ఏరియేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) ముందు, దూరంగా. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో పడినవే తూస్తే లెక్క చెడుతుంది, ఎందుకంటే బలమైన రొయ్యలే ముందు ట్రే ఎక్కుతాయి. ఎండ ముదరకముందే తీయాలి. పడ్డవాటిని చిన్నా పెద్దా ఏరకుండా మొత్తం బుట్టలో పోసి, నీళ్ళు బాగా వాడ్చి తూయాలి. బుట్ట బరువు ముందే తీసి పెట్టుకోవాలి.

కాటా ముందు తప్పు జరిగే తీరు చూడండి. సరిగ్గా కిలో తెగాలని చివర్లో ఒక పెద్ద రొయ్య తీసి చిన్నది వేస్తారు, లేదంటే చిన్నది తీసి పెద్దది. ఆ మార్పిడి ఎవరి చేతిలో ఉంటే కౌంట్ వాళ్ళ వైపు ఒరుగుద్ది. కిలో తెగనవసరం లేదు. బుట్టలో ఎంత పడితే అంత తూయండి, తర్వాత లెక్కపెట్టండి. 1.04 కిలోకి 47 రొయ్యలు వస్తే 47 ÷ 1.04 = 45.2 కౌంట్. అంతే.

నీటి సంగతి: కిలోలో 30 గ్రాములు నీళ్ళే ఉన్నాయనుకోండి, కాటా మీద 45 కౌంట్ చూపిస్తుంది. వాడ్చి చూస్తే 45 ÷ 0.97 = 46.4. గుల్ల విడిచిన వెంటనే రొయ్య నీళ్ళు పట్టి మెత్తగా ఉంటది, అప్పుడు తీసిన కౌంట్ నమ్మకూడదు. గుల్ల గట్టిపడ్డాక తీయాలి.

కోవూరు_ల్యాబ్:
శాంపిల్‌లో ఎన్ని రొయ్యలు ఉండాలి అని అడిగేవాళ్ళ కోసం. చెరువులో రొయ్యల బరువులు సగటు నుంచి 20 శాతం అటూ ఇటూ ఊగుతున్నాయనుకుందాం. 25 రొయ్యలు తూస్తే సగటులో తేడా 20 ÷ √25 = 4 శాతం దాకా మామూలుగా ఉంటుంది. 100 తూస్తే 2 శాతం. 400 తూస్తే 1 శాతం. నాలుగింతలు కష్టపడితే తేడా సగమే తగ్గుతుంది, అందుకే 100 నుంచి 150 మధ్య ఆపితే చాలు. చెరువులో సైజులు బాగా విడిపోయి ఉంటే ఆ 20 శాతం 30 అవుతుంది, అప్పుడు ఇంకొన్ని తూయాలి.

అల్లూరు_ఆక్వా:
రెండు చెరువుల సరుకు కలిపితే కౌంట్ ఎంత? ఒకటి 40, ఇంకొకటి 60. కలిపి 50 కదా?

సింగరాయకొండ_రొయ్య:
50 ఎట్టా అవుద్ది అన్నా? 40 కౌంట్ రొయ్య 25 గ్రాములు, 60 కౌంట్ రొయ్య 16.67. రెండింటి సగటు 20.83 గ్రాములు. 1000 ÷ 20.83 = 48. కౌంట్లని నేరుగా సగటు చేయకూడదు, బరువులని చేయాలి.

విడవలూరు_వల:
ఇద్దరి లెక్కా నిలుస్తుంది, దేన్ని సమానంగా తీసుకున్నారన్నదే తేడా. రెండు చెరువుల నుంచి చెరొక టన్ను వస్తే: 1000 కిలోలు × 40 = 40,000 రొయ్యలు, 1000 × 60 = 60,000. మొత్తం లక్ష రొయ్యలు 2000 కిలోలు. కౌంట్ 50. కిలోలు సమానమైతే అల్లూరు అన్న చెప్పిందే.

రెండు చెరువుల్లో రొయ్యల సంఖ్య సమానమైతే సింగరాయకొండ తమ్ముడు చెప్పినట్టు 48. టన్నులు వేరు వేరుగా ఉంటే ఈ రెండూ వదిలేసి, ప్రతి చెరువు కిలోలని దాని కౌంట్‌తో గుణించి, మొత్తం రొయ్యలని మొత్తం కిలోలతో భాగించండి. అది ఎప్పుడూ తప్పదు. మేత లెక్కలో దీని ప్రభావం ఎక్కువ. లక్ష పిల్లలు వేసి 80 శాతం నిలిచాయంటే 80,000. 50 కౌంట్ దగ్గర 1600 కిలోలు, 48 దగ్గర 1667. మేత బరువులో 3 శాతం వేస్తున్నామంటే రోజుకి 2 కిలోల తేడా.

వెంకటగిరి_పడుగు:
ఈ 'నేరుగా సగటు చేయకూడదు' అన్నది నూలులోనూ అచ్చంగా ఇంతే. 2022లో జిల్లాలు విడదీశాక వెంకటగిరి తిరుపతి వైపు పోయింది గానీ, చీర పేరు నెల్లూరుతోనే పెరిగింది కాబట్టి ఈ చర్చలో మాకూ చోటుంది.

కాటన్ నూలు కౌంట్ అంటే పౌండు బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని అని. 100 కౌంట్ అంటే పౌండుకి 100 చిలపలు, 84,000 గజాలు. మీటర్లలో దాదాపు 76.8 కిలోమీటర్ల పోగు 453.6 గ్రాముల్లో ఉందన్నమాట. రొయ్యలాగే అంకె పెరిగేకొద్దీ సన్నం. 40 కౌంట్ ముతక, 100 సన్నం, 120 ఇంకా సన్నం.

పట్టుకి వచ్చేసరికి తిరగబడుద్ది. డెనియర్ అంటే 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు అని. 20/22 డెనియర్ అంటే 9000 మీటర్లకి 20 నుంచి 22 గ్రాములు. అంకె పెరిగేకొద్దీ లావు. టెక్స్ కూడా అంతే, 1000 మీటర్లకి గ్రాములు. మార్చుకోవాలంటే 590.5ని కాటన్ కౌంట్‌తో భాగించండి, టెక్స్ వస్తుంది. 100 కౌంట్ అంటే 5.9 టెక్స్. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కాటన్ అంకె, పట్టు అంకె పక్కపక్కన రాసుకుని ఏది సన్నమో తారుమారు చేసుకుంటారు.

2/100 అని రాసి ఉంటే రెండు 100 కౌంట్ పోగులు పేని ఒకటి చేశారని. దాని లావు 50 కౌంట్‌తో సమానం. 60నీ 40నీ కలిపి పేనితే 50 రాదు, 100 అంతకన్నా రాదు. 60 × 40 ÷ (60 + 40) = 24 కౌంట్.

బజారు నూలు చెప్పిన కౌంట్ ఉందో లేదో చూడాలంటే 120 గజాలు చుట్టి తూయండి. 64.8ని ఆ గ్రాములతో భాగిస్తే కౌంట్. 100 కౌంట్‌కి 0.648 గ్రాములు తూగాలి. ఇక్కడ కిరాణా కాటా పనికిరాదు, కనీసం 10 మిల్లీగ్రాములు చూపించే కాటా కావాలి. 10 మిల్లీగ్రాములు తేడా వస్తేనే కౌంట్ ఒకటిన్నర మారిపోద్ది. వానాకాలం నూలు తేమ పీల్చి బరువెక్కుద్ది, కౌంట్ తక్కువ చూపిస్తది. కాటన్‌కి 8.5 శాతం తేమ లెక్కలో ఒప్పుకున్న ప్రమాణం, అంతకు మించితే నూలు ముతక అని తిట్టేముందు ఆరబెట్టి మళ్ళీ తూయండి.

సింగరాయకొండ_రొయ్య:
మోటార్ వైండింగ్ తీగ గేజ్ కూడా ఇదే దారి గదా, అంకె పెరిగితే తీగ సన్నం. ఏరియేటర్ మోటార్ కట్టించేటప్పుడు 'పెద్ద నంబర్ వేయి' అని చెప్పకూడదు.

వెంకటగిరి_పడుగు:
అవును. అచ్చు (మగ్గం మీద పొడుగు పోగుల్ని, అంటే పడుగుని, విడదీసే దువ్వెన లాంటిది) నంబరు మాత్రం మళ్ళీ వేరే. 100 అచ్చు అంటే రెండంగుళాల్లో 100 సందులు, అంగుళానికి 50. సందుకి రెండు పోగులు తీస్తారు కాబట్టి పడుగు అంగుళానికి 100 పోగులు. నూలు 100, అచ్చు 100 అని పక్కపక్కన చెప్పినా ఒకటి లావు, ఇంకొకటి దగ్గరితనం.

కావలి_కోడ్:
ఇప్పటిదాకా వచ్చిన లెక్కలన్నీ చూస్తే, కౌంట్ అంకె పక్కన మూడు సంగతులు రాయకపోతే ఆ అంకె దేనికీ పనికిరాదు అనిపిస్తుంది: దేనికి ఇన్ని (కిలోకా, పౌండుకా), ఎక్కడి నుంచి మొదలు (సున్నా నుంచా, ఒకటి నుంచా), అంచు మీద ఉన్నదాన్ని కలపాలా వద్దా. మొదటిది మీరు చెప్పారు. మిగిలిన రెండూ కంప్యూటర్ వాళ్ళని రోజూ ఏడిపించేవి.

జాబితాలో 10 వస్తువులుంటే కౌంట్ 10, కానీ స్థానాలు 0 నుంచి 9 దాకా. సీలో, జావాలో, పైథాన్‌లో పదో స్థానం అడిగితే అది జాబితా బయట. పైథాన్‌లో రేంజ్ 0, 10 అంటే 0 ఉంటుంది, 10 ఉండదు. మొదటి అంచు లోపల, చివరి అంచు బయట. దీని లాభం ఏందంటే 0 నుంచి 10, 10 నుంచి 20 అని ముక్కలు చేస్తే ఏదీ రెండుసార్లు పడదు, ఏదీ జారిపోదు, చివర లోంచి మొదలు తీసేస్తే నేరుగా కౌంట్ వస్తుంది.

కోవూరు_ల్యాబ్:
కావలి సార్, మీరు చెప్పిన అంచు నియమం మా ల్యాబులో మైక్రోస్కోప్ కింద ఎప్పటి నుంచో ఉంది. న్యూబౌర్ చాంబర్ అనే గళ్ళ గాజు పలక మీద గళ్ళలో కణాలు లెక్కపెట్టేటప్పుడు పై గీత మీదా, ఎడమ గీత మీదా ఆనుకున్న కణాన్ని కలుపుతాం. కింది గీతా, కుడి గీతా మీద ఉన్నదాన్ని వదిలేస్తాం. అట్టా చేయకపోతే రెండు గళ్ళ మధ్య గీత మీదున్న కణం రెండుసార్లు పడుతుంది.

తెల్లకణాల లెక్క: రక్తాన్ని 20 రెట్లు పలచన చేస్తాం. నాలుగు మూలల పెద్ద గళ్ళు, ఒక్కొక్కటి ఒక చదరపు మిల్లీమీటరు. లోతు 0.1 మి.మీ. అంటే నాలుగింటి ఘనం 0.4 మైక్రోలీటర్. వచ్చిన కణాలని 20తో గుణించి 0.4తో భాగిస్తే, సూటిగా 50తో గుణించినట్టు. 140 కణాలు కనపడితే మైక్రోలీటర్‌కి 7000. మామూలుగా పెద్దవాళ్ళకి 4,000 నుంచి 11,000 ఉండాలి.

అంచు నియమం పాటించినా అదృష్టం పాలు కొంత ఉంటుంది. విడివిడిగా, చెల్లాచెదురుగా పడే వాటిని లెక్కపెడితే 100కి తేడా √100 = 10, అంటే 10 శాతం. 400 లెక్కపెడితే 20, అంటే 5 శాతం. రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్‌కీ ఇదే సూత్రం. అక్కడ అదనంగా ముందు నమూనా లేకుండా చుట్టుపక్కల కౌంట్ తీసి, తర్వాత దాన్ని తీసేయాలి.

అల్లూరు_ఆక్వా:
మేడమ్, డెంగ్యూలో ప్లేట్‌లెట్ కౌంట్ ఒక ల్యాబులో 45, ఇంకో ల్యాబులో 0.45, ఇంకోచోట 45,000 అని వస్తున్నాయి. ఏది నిజం?

కోవూరు_ల్యాబ్:
మూడూ ఒకటే. 45 పక్కన 'వేలల్లో' అని ఉంటుంది, 0.45 పక్కన 'లక్షల్లో' అని ఉంటుంది. మామూలు కౌంట్ మైక్రోలీటర్‌కి 1.5 లక్షల నుంచి 4.5 లక్షలు, అంటే మొదటి రకం రిపోర్టులో 150 నుంచి 450. అంకె చదివేముందు పక్క గడిలో యూనిట్ చదవండి.

రక్తస్రావం, ఒంటి మీద మచ్చలు, ఇంకే లక్షణమూ లేకుండా ఉన్నట్టుండి 20,000 వచ్చిందంటే ఇంకొకటి చూడాలి. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి. మెషిన్ కణాన్ని సైజు చూసి గుర్తిస్తుంది కాబట్టి గుంపుని ప్లేట్‌లెట్ కింద జమ చేయదు. స్లైడు మీద స్మియర్ (పలచని రక్తపు పూత) వేసి చూస్తే గుంపులు కంటికి కనపడతాయి. అప్పుడు నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్ళీ రక్తం తీసి, వచ్చిన అంకెని 1.1తో గుణించాలి. ట్యూబులో సిట్రేట్ ద్రవం పదింట ఒకవంతు ఉండి పలచన చేస్తుంది కాబట్టి ఆ గుణింపు.

స్మియర్ మీద ఉజ్జాయింపు: ఆయిల్ లెన్సు కింద పది చోట్ల చూసి సగటు తీసి 15,000తో గుణించండి. సగటున 8 కనపడితే 1.2 లక్షలు. మెషిన్ అంకెకీ దీనికీ పొంతన లేకపోతే మెషిన్ అంకె సంతకం చేసి ఇవ్వకూడదు. ఏం చేయాలన్నది మాత్రం డాక్టరు చూసి చెప్పాల్సిందే, అంకె ఒక్కటే చూసి భయపడొద్దు, ధీమాగానూ ఉండొద్దు.

విడవలూరు_వల:
మేడమ్, చెరువు నీళ్ళలో విబ్రియో బాక్టీరియా కౌంట్ గురించి కూడా రెండు ముక్కలు.

కోవూరు_ల్యాబ్:
విబ్రియోని పెంచే టీసీబీఎస్ ప్లేటు మీద చెరువు నీళ్ళు పరిచి మర్నాడు కాలనీలు (బాక్టీరియా పెరిగిన చుక్కలు) లెక్కపెడతారు. పసుపు కాలనీలు చక్కెరని పులియబెట్టే రకాలు, ఆకుపచ్చవి పులియబెట్టనివి. రొయ్యకి ఎక్కువ చేటు చేసే పారాహీమోలిటికస్ ఆకుపచ్చలో వస్తుంది. నూరింతలు పలచన చేసిన నీళ్ళు 0.1 మి.లీ. వేస్తే 64 కాలనీలు వచ్చాయనుకోండి: 64 × 10 × 100 = మి.లీ.కి 64,000. ఆ 10తో గుణించడం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. ప్లేటు మీద 30 కన్నా తక్కువ వస్తే లెక్క నిలకడగా ఉండదు, 300 దాటితే ఒకదాని మీద ఒకటి పడి సరిగా లెక్కకి రావు. అందుకే రెండు మూడు పలచనలు పక్కపక్కన వేస్తారు.

సూళ్ళూరుపేట_గమనిక:
'ఎక్కడి నుంచి మొదలు' అన్నదానికి కౌంట్‌డౌన్ కన్నా మంచి ఉదాహరణ లేదు. సున్నా అన్నది రాకెట్ పైకి లేచే క్షణానికి కట్టిన గుర్తు, దాని ముందు మైనస్, తర్వాత ప్లస్. కౌంట్‌డౌన్ గడియారం మామూలు గడియారం కాదు. హోల్డ్ పెడితే కౌంట్ ఆగుతుంది, టైము ఆగదు.

2019 జులై 15న చంద్రయాన్-2 కౌంట్ 56 నిమిషాల 24 సెకన్ల దగ్గర ఆగింది, ఆ రోజుకి ప్రయోగం మానుకున్నారు, 22న పంపారు. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా వాహనం టీవీ-డీ1 కౌంట్ సున్నాకి 5 సెకన్ల ముందు ఆగింది. కంప్యూటర్ తనంతట తానే ఆపింది. లోపం ఏందో చూసి, సరిచేసి అదే రోజు 10 గంటలకి పంపారు. చివరి సెకన్లలో మనిషి కన్నుకి అందని వేగంతో పీడనాలు, ఇగ్నిషన్ సంకేతాలు సరిచూస్తారు కాబట్టి ఆ కౌంట్ కంప్యూటర్ చేతిలోనే ఉండాలి. కౌంట్ అక్కడ కొలత కాదు, ఏ పని దేని తర్వాత జరగాలో చెప్పే వరస.

ఒంగోలు_గ్రౌండ్:
ఆటల్లో కౌంట్ కూడా చాలా చోట్ల కొలత కాదు, నియమమే. దేన్ని లెక్కలోకి తీసుకోవాలో రూల్ పుస్తకం చెప్పాలి.

వాలీబాల్: మన పల్లెల్లో రోజూ వచ్చే తగాదా. జట్టుకి మూడు టచ్‌లు. బ్లాక్‌లో బంతి చేతికి తగిలితే అది టచ్ కింద లెక్క కాదు, ఇంకా మూడు ఉంటాయి, బ్లాక్ చేసినవాడే మొదటి టచ్ కూడా తీసుకోవచ్చు. ఇది ఇండోర్ రూలు. బీచ్ వాలీబాల్‌లో బ్లాక్ టచ్ లెక్కలో పడుద్ది, తర్వాత రెండే మిగులుతాయి. కొత్తపట్నం తీరంలో ఆడేటప్పుడు ఏ రూలో ముందే తేల్చుకోండి.

బాక్సింగ్: కింద పడ్డ క్షణాన 'ఒకటి' అనరు. పడ్డాక ఒక సెకను గడిచి 'ఒకటి' అంటారు. అప్పుడే 'పది' అనేసరికి నిజంగా పది సెకన్లు అవుతాయి. పడగానే ఒకటి అంటే తొమ్మిది సెకన్లే. ఇంకొకటి, బాక్సర్ రెండుకే లేచినా రెఫరీ ఎనిమిది దాకా లెక్కపెట్టాలి, దాన్నే తప్పనిసరి ఎనిమిది అంటారు.

కబడ్డీ: బోనస్ గీత దాటితే పాయింట్ రావాలంటే ఎదురు జట్టులో ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉండాలి. ఆ బోనస్ పాయింట్‌కి బయటున్న ఆటగాడు లోపలికి రాడు. ప్రో కబడ్డీలో జట్టుకి వరసగా రెండు రైడ్లు ఖాళీ పోతే మూడోది డూ-ఆర్-డై, పాయింట్ తేవాలి, లేదంటే అవుట్. వరస అన్నది గుర్తుంచుకోండి, మధ్యలో పాయింట్ వస్తే మళ్ళీ సున్నా నుంచి.

కావలి_కోడ్:
క్రికెట్ ఓవర్లు వదిలేశారు సార్. ఎక్సెల్‌లో టోర్నమెంట్ పట్టిక వేసే పిల్లలు అందరూ పడే గుంట అది.

ఒంగోలు_గ్రౌండ్:
నువ్వే రాయి తమ్ముడూ, రూలు వరకు నేను చెప్తా. వైడు, నోబాల్ ఓవర్‌లో లెక్క కాదు. నెట్ రన్ రేట్‌కి జట్టు ఆలౌట్ అయితే ఆడిన ఓవర్లు కాదు, మొత్తం కోటా, అంటే టీ20లో అయితే 20 తీసుకోవాలి.

కావలి_కోడ్:
సరే. 17.4 ఓవర్లు అంటే పదిహేడున్నరకి దగ్గర కాదు. 17 × 6 + 4 = 106 బంతులు, అంటే 17.667 ఓవర్లు. 160 పరుగులని 17.4తో భాగిస్తే 9.195, సరైన లెక్క 9.057. ఇంత తేడాకి సెమీఫైనల్ చేతులు మారుద్ది. కూడికలోనూ అంతే: 4.3 + 3.4 అంటే 7.7 కాదు, 27 + 22 = 49 బంతులు, 8.1 ఓవర్లు.

ఫార్ములాతో విడదీద్దామని 17.4 లోంచి 17 తీసేసి 10తో గుణించి పూర్ణాంకం తీస్తే 4 రాకుండా 3 రావచ్చు. కారణం, 0.4ని కంప్యూటర్ 0, 1 అనే రెండంకెల పద్ధతిలో పూర్తిగా దాచుకోలేదు. తీసివేశాక దాని లోపల 0.39999999999999 అని ఉంటది, పదింతలు చేసినా 4కి ఒక వెంట్రుకవాసి తక్కువ, పూర్ణాంకం తీస్తే 3. అందుకే ముందు రౌండ్ చేయాలి. ఇంకా మంచి దారి, ఓవర్లు దాచొద్దు, బంతులు దాచండి, చూపించేటప్పుడే 6తో భాగించండి.

ఎక్సెల్ గురించి ఇంకొక్క మాట. కౌంట్ ఫార్ములా అంకెలున్న గడులే లెక్కపెడుతుంది. కౌంట్‌ఏ ఖాళీ కాని ప్రతి గడినీ. గడిలో 45 కనపడుతున్నా అది అక్షరాల రూపంలో ఉంటే (గడిలో ఎడమకి ఆనుకుని ఉంటది చూడండి) కౌంట్ సున్నా చూపిస్తది. డేటాబేస్‌లో కూడా కౌంట్‌కి నక్షత్రం గుర్తు (*) ఇస్తే వరసలన్నీ, కాలమ్ పేరు ఇస్తే విలువ లేని వరసలు వదిలేసి.

అల్లూరు_ఆక్వా:
కావలి సార్, ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో ఏరియేటర్ టైమర్ కట్టుకుంటున్నారు కొంతమంది. పంట మధ్యలో రిలే (బోర్డు నడిపే కరెంటు స్విచ్) టకటకా కొట్టుకోవడం మొదలెడుతుందంటున్నారు. ఇది కూడా కౌంట్ సమస్యేనా?

కావలి_కోడ్:
ముమ్మాటికీ. బోర్డులో మిల్లీస్ అనే కౌంటర్ బోర్డు ఆన్ అయినప్పటి నుంచి మిల్లీసెకన్లు లెక్కపెడుతుంది. దానికి 32 బిట్ల చోటే ఉంది, 4,29,49,67,295 దాటగానే మళ్ళీ సున్నా. అంటే 49 రోజుల 17 గంటల 2 నిమిషాల 47 సెకన్లు. వనామీ పంట నాలుగు నెలలకి దగ్గర, కరెంటు పోకుండా బ్యాటరీ మీద బోర్డు నడిస్తే సున్నా కొట్టేది సరిగ్గా పంట నడుమ.

తప్పు కోడు ఇది: 'ఇప్పుడు ≥ అప్పుడు + వ్యవధి'. అప్పుడు = 4294967000, వ్యవధి 60,000 అనుకోండి. కూడితే 32 బిట్లలో పట్టక 59,704 అవుతుంది. ఇప్పటి అంకె 4294967001 దానికన్నా ఎంతో పెద్దది కాబట్టి షరతు వెంటనే నిజమైపోతుంది, మళ్ళీ మళ్ళీ. రిలే కొట్టుకుంటుంది, దాని వెనకున్న కాంటాక్టర్ పాయింట్లు కాలతాయి.

సరైన కోడు: 'ఇప్పుడు − అప్పుడు ≥ వ్యవధి'. కౌంటర్ సున్నా దాటినా తీసివేత సరైన వ్యవధే ఇస్తుంది, అన్నీ అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ లేని 32 బిట్ల అంకె) రకంలో ఉంటే. ఇంకో పొరపాటు: ఆర్డుయినో ఊనో బోర్డులో 60 * 1000 అని రాస్తే మామూలు ఇంట్ రకంలో 32,767 దాకే పడుతుంది, జవాబు −5536 అవుతుంది. అది అన్‌సైన్డ్‌గా మారితే దాదాపు 49.7 రోజుల వ్యవధి. ఏరియేటర్ తెల్లారుజామున ఆన్ కాదు, ఆక్సిజన్ పడిపోయేది కూడా ఆ వేళే. 60000 పక్కన యూఎల్ అని పెట్టండి.

విమానాల్లోనూ ఈ బాపతు వచ్చింది. బోయింగ్ 787 జనరేటర్ నియంత్రణలో ఒక కౌంటర్ 248 రోజులు ఆగకుండా నడిస్తే నిండిపోతుందని 2015లో అమెరికా విమాన నియంత్రణ సంస్థ ఆదేశం ఇచ్చింది. సెకనులో నూరో వంతులు లెక్కపెట్టే 31 బిట్ల కౌంటర్ సరిగ్గా 248.55 రోజులకి నిండుతుంది.

సింగరాయకొండ_రొయ్య:
మన తెలుగు మెసేజ్‌లకి డబ్బులు రెండింతలు పడేది కూడా కౌంట్ వల్లేనా? రైతులకి రేట్లు ఎస్సెమ్మెస్ పంపుతుంటే లెక్క తేలడం లేదు.

కావలి_కోడ్:
ఇంగ్లీషు అక్షరాలైతే ఒక మెసేజ్‌లో 160 పడతాయి. తెలుగు ఒక్క అక్షరం చేరినా మొత్తం యూనికోడ్ అవుతుంది, అప్పుడు 70. అంతకు మించితే ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్కలో 67. మిగతా చోటు ముక్కలని అతికించే వివరాలకి పోతుంది.

ఆ 70 మనం నోటితో పలికే అక్షరాలు కావు. 'నెల్లూరు' చూడండి. చదివితే మూడు అక్షరాలు. లోపల న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం, మొత్తం 8. ఫైల్లో యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, 24 బైట్లు. 'ఒంగోలు' లోపల 6, 'శ్రీహరికోట' 10. మెసేజ్ కంపెనీ లెక్క ఈ 8, 6, 10 మీదే. కర్సర్ కదలికకి వాడే అక్షర గుంపుల లెక్కలో 'నెల్లూరు' చాలాకాలం 4గా పడింది, ఎందుకంటే ల్ ఒకటి, లూ ఒకటి అని విడగొట్టేవాళ్ళు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నుంచి ఒత్తుని కలిపి 3గా తీసుకునే నియమం చేరింది. కాబట్టి ఒకే పదానికి 3, 4, 8, 24 నాలుగూ కనపడితే కంగారుపడొద్దు. రేట్లు పంపేటప్పుడు కౌంట్, రేటు మాత్రం అంకెల్లో రాసి, వత్తులు ఎక్కువున్న మర్యాద మాటలు తగ్గిస్తే ఒక మెసేజ్‌లో సరిపోద్ది.

ఒంగోలు_గ్రౌండ్:
అంచు లెక్కకి గ్రౌండ్ మీద కంటికి కనపడేది హర్డిల్స్. ఆడవాళ్ళ 100 మీటర్లలో 10 హర్డిల్స్, వాటి మధ్య సందులు 9. మొదటిదానికి 13 మీటర్లు, సందు 8.5 మీటర్లు, చివరిదాని నుంచి గీతకి 10.5. 13 + 76.5 + 10.5 = 100. పదిని 8.5తో గుణించి గుర్తులు పెట్టారంటే చివరి హర్డిల్ గీతకి 2 మీటర్ల దూరంలో పడుద్ది.

అల్లూరు_ఆక్వా:
అయితే ఇదే లెక్క మా చెరువు చుట్టూ పీతల వల కట్టడానికి కర్రలకి పనికొస్తుందా? గట్టు చుట్టు కొలత 400 మీటర్లు, 2 మీటర్లకొక కర్ర.

ఒంగోలు_గ్రౌండ్:
చుట్టూ కలిసిపోతే సందులు ఎన్నో కర్రలు అన్నే, 200. మొదటి కర్రే చివరి కర్ర అవుతుంది కాబట్టి. ఒక పక్క 100 మీటర్లు మాత్రమే తిన్నగా కడితే సందులు 50, కర్రలు 51.

విడవలూరు_వల:
దానికి తూము దగ్గర రెండు వైపులా గట్టి కర్రలు వేరే వేసుకోవాలి, అవి ఈ లెక్కలోకి రావు. మూలల్లో వంకర వస్తే 2 మీటర్లు కాకుండా ఒకటిన్నర పెట్టండి, గాలికి వల లాగేది అక్కడే. 200కి ఇంకో 10 కలిపి తెప్పించుకో అన్నా.